ఎన్నింటికి చూస్తారు?

పొద్దున్న ఎనిమిది కాకముందే ఐసు ఫ్యాక్టరీ ఆయన ఫోన్ చేశాడు. సనత్‌నగర్‌లో ఉంటుంది ఆ ఫ్యాక్టరీ. పదకొండేళ్ళుగా నేను చేసే ఫంక్షన్లన్నిటికీ ఐసు దిమ్మలు అక్కణ్ణుంచే వస్తాయి. నేనప్పటికి శంకర్‌పల్లి దగ్గర ఒక పెళ్ళి పందిరి వేయిస్తూ, అరటి చెట్లు వంకరగా కట్టినవాళ్ళ మీద అరుస్తూ ఉన్నాను.

"మేడం, మోతీనగర్‌కు రెండు దిమ్మలు తోలిన," అన్నాడు.

"నేను చెప్పలేదే! నన్నడగకుండా ఎలా పంపుతారండీ? ఏ ఫంక్షన్‌కి?" అని గదమాయించాను. నా నోరు అంతే. ముందు అరుస్తాను, తర్వాత వింటాను.

"ఫంక్షన్ కాదు మేడం. పెద్దాయన పోయిండు. తెల్లారంగ. అద్దాల ఫ్రీజర్ డబ్బా వద్దన్నదంట అమ్మ. మన ఐసే గావాలన్నదంట. మంచియి చూసి పంపిన మేడం, అద్దం లెక్క ఉన్నయి. నడుమ తెల్లగుంటే తిడుతుండె గదా ఆయన."

ఆ చివరి మాట అని ఆయన ఫోన్ పెట్టేశాడు. అరటి చెట్లు వంకరగానే ఉండిపోయాయి.

వెంటనే ఆంటీకి ఫోన్ చేశాను. ఆంటీ అంటే ఆ పోయిన పెద్దాయన భార్య. ఏడుపు వినిపిస్తుందనుకున్నాను. ఆవిడ ఎప్పటిలాగే మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ, ఒక్కటే అడిగింది.

"ఎన్నింటికి చూస్తావమ్మాయ్?"

ఎప్పుడొస్తావు అనలేదు. ఎన్నింటికి చూస్తావు అంది. ఇక్కడ పని ఎవరికో అప్పజెప్పి బయల్దేరాలి, దారిలో ట్రాఫిక్ ఉంటుంది, అన్నీ లెక్కేసుకుని "మూడింటికి ఆంటీ" అన్నాను.

"మూడింటికి. సరే," అని పెట్టేసింది.

ఆ ప్రశ్న ఆవిడది కాదు, ఆయనది. ఆయన్ని ఎరిగిన ప్రతివాళ్ళనీ ఆయన మొట్టమొదట అడిగిన ప్రశ్న అదే.

ఆయన పేరు రాయను. రాసినా ఇండస్ట్రీలో ఎవరూ గుర్తుపట్టరు. కృష్ణానగర్‌లో ఏ టీ కొట్టు దగ్గరైనా "ఐసు మాస్టర్" అంటే మాత్రం, "ఆ, మఫ్లరాయన!" అంటారు. నడి మే నెలలో కూడా మెడకి మఫ్లరు చుట్టుకుని, చంకలో ఫ్లాస్కు పెట్టుకుని తిరిగే మనిషి ఇంకొకరు లేరు మరి. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు. ముప్ఫయ్యేళ్ళు ఐసుతో బతికిన మనిషి చల్లటి నీళ్ళు గుక్కెడు తాగగా నేను చూడలేదు. చెరుకు రసం బండి దగ్గర "ఐసు వద్దు బాబూ" అని ఆయన చెప్పే తీరు చూస్తే నవ్వాగేది కాదు. "పొద్దస్తమానం దాంతోనే ఉంటానమ్మాయ్, కడుపులోక్కూడా ఎందుకూ" అనేవాడు.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది ఒక సినిమా ఓపెనింగ్‌లో. అప్పుడు నేను ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంటుని. భీమవరం నుంచి వచ్చి రెండేళ్ళు కాలేదు, తెలియంది లేదన్నట్టు ఉండేదాన్ని. నిర్మాతగారి బ్యానర్ గుర్తు హంస. పూజ జరిగే చోట నాలుగడుగుల ఐసు హంస ఉండాలన్నారు. నేను మూడు వైపులనుంచీ హంస బొమ్మ గీసి, కొలతలు వేసి పట్టుకెళ్ళాను. ఆయన ఆ కాగితం వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"ఎన్నింటికి చూస్తారు?" అన్నాడు.

"పదింటికండీ. హీరోగారు పదింటికి వచ్చి క్లాప్ కొడతారు."

"పదింటికని ఎవరు చెప్పారు?"

"మేనేజర్‌గారు."

"మేనేజరు చెప్పేది ముహూర్తమమ్మాయ్. ఎన్నింటికొస్తాడో హీరోగారి డ్రైవర్ని అడుగు, వాడు చెప్తాడు."

నాకు ఒళ్ళు మండింది. హంస చెక్కమంటే డ్రైవర్‌తో పనేమిటి? నేను కదలకపోతే తనే ఫోన్ చేసుకున్నాడు. "ఏం తమ్ముడూ, బాబుగారు లేచారా? జిమ్ము అయ్యిందా? ఆహా... అయితే పన్నెండు దాటుద్దన్నమాట" అని, గడియారం చూసుకుని, ఉలి పట్టుకున్నాడు. ఆ గడియారం కూడా అందరిలా పెట్టుకునేవాడు కాదు. తడవకుండా మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకునేవాడు. టైము చూడాలంటే అరచెయ్యి తెరిచి, జాతకం చూసుకునేవాడిలా చూసుకోవాలి.

తొమ్మిదిన్నరకి హంస అయిందన్నాడు. చూసి నాకు ఏడుపొక్కటే తక్కువ. మెడ నా తొడంత ఉంది. ముక్కు గరిటెలా ఉంది. "ఇది హంసాండీ, బాతాండీ?" అని అందరిముందూ అడిగేశాను. ఆయన ఫ్లాస్కు మూత విప్పి, అందులో వేణ్ణీళ్ళు పోసుకుని, ఊదుకుంటూ తాగాడు. "ఇప్పుడెందుకు చూస్తున్నావు? నిన్ను ఇప్పుడు చూడమన్నానా?" అన్నాడు, కోపం లేకుండా.

పన్నెండుంపావుకి బయట విజిల్స్ వినిపించాయి. హీరోగారి కారు. నేను హారతి పళ్ళెం ఎక్కడుందో వెతుకుతూ కంగారుగా పరిగెడుతుంటే ఎవరో నా మణికట్టు పట్టుకుని ఆపారు. ఐసుగడ్డ తగిలినట్టయింది. ఆయనే.

"ఇప్పుడు చూడు," అన్నాడు.

చూశాను. మెడ సన్నగా వంపు తిరిగి ఉంది. రెక్కల మీద ఉలి గీతలన్నీ పోయి నున్నగా తడి మెరుస్తోంది. ముక్కు కొసన ఒక నీటిబొట్టు రాలటానికి సిద్ధంగా వేలాడుతోంది, ఇప్పుడే కొలనులో ముంచి తల పైకెత్తినట్టు. నేను గీసిన మూడు బొమ్మల్లోనూ ఆ బొట్టు లేదు. హీరోగారు లోపలికి వస్తూనే దాని ముందు ఆగిపోయి, ఫోటో తీయించుకున్నారు. నేను మాస్టారి కోసం వెనక్కి తిరిగేసరికి ఆయన లేడు. గేటు దాటి వెళ్ళిపోతున్నాడు, మఫ్లరు సర్దుకుంటూ.

అదీ ఆయన పని. చూపించాల్సిన గంట తెలుసుకుని, ఆ గంటకి ఎంత కరుగుతుందో అంత ముందే వదిలిపెట్టి చెక్కేవాడు. ముక్కు మీద అర అంగుళం, వేళ్ళ మీద ఇంకొంచెం, ఏసీ ఉందంటే ఒక లెక్క, పక్కన లైట్లు ఉన్నాయంటే ఇంకో లెక్క. "నేను చేసేది సగమేనమ్మాయ్. మిగతా సగం గాలి చేస్తుంది. దాని వాటా దానికి ఉంచాలి" అనేవాడు. గాలి వాటా అయిపోయాక ఒక్క నిమిషం కూడా అక్కడ నిలబడేవాడు కాదు. తన బొమ్మ పాడవటం ఆయన ఎప్పుడూ చూడలేదు. ఫోటోలంటే పడేది కాదు. "ఫోటోలో అది ఎన్నింటిదో తెలియదు కదా" అని ఆయన కంప్లయింటు.

కొన్నేళ్ళకి నేను సినిమాలు మానేసి, సొంతంగా ఫంక్షన్లు చెయ్యటం మొదలుపెట్టాను. ఆయన నాతోనే వచ్చేశాడు. వచ్చేశాడంటే ఏమీ చెప్పకుండా ఒకరోజు ఫ్లాస్కుతో సహా శ్రీనగర్ కాలనీలో నా ఆఫీసు మెట్లమీద కూర్చుని ఉన్నాడు. ఎన్ని చేశామో! గణపతులు, నెమళ్ళు, ఒకసారి ఒక డాక్టరుగారి అరవయ్యో పుట్టినరోజుకి ఆయన పాత స్కూటరు. కొత్త దిమ్మ రాగానే వేలి కణుపుతో తలుపు కొట్టినట్టు కొట్టి, చెవి ఆనించి వినేవాడు. లోపల పగులుంటే తెలిసిపోయేదట. నేనూ చెవి పెట్టి చూశాను. చెవి తిమ్మిరెక్కింది తప్ప నాకేమీ వినపడలేదు. ఆదివారం పొద్దున్న మాత్రం ఉలి ముట్టడు. చర్చిలో వెనక బెంచీలో, ఆంటీ పక్కన కూర్చునేవాడు. వెనక బెంచీ ఎందుకంటే, ఆంటీకి ఆయాసం వస్తే ఎవరికీ ఇబ్బంది లేకుండా బయటికి తీసుకురావచ్చని.

ఆంటీ గురించి చెప్పాలి. ఇద్దరిదీ కాకినాడే. హార్బరు పక్కన ఐసు ఫ్యాక్టరీలో ఆయన దిమ్మలు లాగేవాడు. ఆవిడ రొయ్యల షెడ్డులో పెట్టెల్లో ఐసు పొడి వేసి రొయ్యలు సర్దేది. అక్కడే చూసుకున్నారు, అక్కడే పెళ్ళి చేసుకున్నారు. ఆ చలిలో, ఆ తడిలో పన్నెండేళ్ళు నిలబడ్డందుకు ఆవిడకి మిగిలింది ఉబ్బసం. హైదరాబాదు వచ్చాక మోతీనగర్‌లో రెండు గదుల ఇంట్లో, మందు పీల్చుకునే గొట్టం పక్కన పెట్టుకుని ఉంటుంది. కొన్ని రోజులు బాగుంటుంది. కొన్ని రోజులు గుమ్మం దాకా కూడా రాలేదు. ఏ రోజు ఎలా ఉంటుందో ఆవిడకే తెలియదు.

మనిషి మాత్రం మహా గడుసు. నేను మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, "మాస్టారి బొమ్మల్లో మీకు ఏది ఇష్టం ఆంటీ?" అని అడిగాను. పెద్ద తెలివైన ప్రశ్న అడిగానని అనుకున్నాను.

"ఎవరు చూశారమ్మా?" అంది ఆవిడ. "ముప్ఫయ్యేళ్ళ నుంచి నీకొకటి చూపిస్తా, నీకొకటి చూపిస్తా అంటాడు. ఆ బొమ్మ బావున్న గంటకి నాకు బాగోదు. నాకు బావున్న రోజుకి ఆ బొమ్మ నీళ్ళు. రొయ్యల్లో ఐసేసిన చేతులమ్మా ఇయ్యి, నాకు ఐసు కొత్తా? ఈయన దాంతో ఏం చేస్తాడో అదొక్కటే తెలీదు."

నవ్వుతూనే అంది. మాస్టారు మాత్రం నవ్వలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకొచ్చాడు. నా జీవితంలో అంత చక్కెర ఉన్న టీ ఎప్పుడూ తాగలేదు. చెంచాలు లెక్కపెట్టే ధ్యాసలో ఆయన లేడని అప్పుడు తెలిసింది.

అందుకే ఒక ఐసు ఎగ్జిబిషన్ పని వచ్చినప్పుడు నేను ఎగిరి గంతేశాను. ఫిల్మ్‌నగర్‌లో వాడకం తగ్గిపోయిన ఒక షూటింగ్ ఫ్లోరు తీసుకుని, గోడలకి చలి బయటికి పోకుండా పలకలు బిగించి, సున్నాకి ఎనిమిది డిగ్రీలు కింద ఉండేట్టు మెషిన్లు పెట్టారు. వేసవి సెలవులకి నలభై రోజులు. టికెట్టు కొన్నవాళ్ళకి ఎర్ర కోట్లు ఇస్తారు, వేసుకుని లోపల తిరగాలి. లోపల ఐసు కోట, ఐసు రైలు, ఐసు ఏనుగులు. వాటికి బయటిదేశం నుంచి ఐసు చెక్కే కార్వర్లను ఏడుగురిని పిలిపించారు. గుమ్మంలో నమస్కారం పెట్టే తొమ్మిదడుగుల తెలుగమ్మాయి బొమ్మ మాత్రం మన మనిషి చేస్తే బావుంటుందని నిర్వాహకుడిని నేనే ఒప్పించాను.

మాస్టారు ఎప్పటి ప్రశ్నే అడిగాడు. "ఎన్నింటికి చూస్తారు?"

"ఎన్నింటికైనా చూడొచ్చు మాస్టారూ. అక్కడ కరగదు. నలభై రోజులు అలాగే ఉంటుంది."

ఆయనకి చాలాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ మొహంలో వెలుగు చూడాలి. "నలభై రోజులా? కదలదా? అయితే అమ్మాయ్, ఆ నలభైలో ఏదో ఒక రోజు మా ఆవిడకి బాగుంటుంది కదా! ఆ రోజు ఆటోలో తీసుకొస్తా. ఆ కోటు వేసి, మూతికి మఫ్లరు కట్టి, అయిదు నిమిషాలు. గుమ్మంలోనే కదా బొమ్మ, లోపలిదాకా కూడా అక్కర్లేదు." అప్పటికప్పుడు ఫోన్ చేసి ఆంటీకి చెప్పాడు. అవతల ఆవిడ ఏమందో గానీ, ఈయన పెళ్ళికొడుకులా సిగ్గుపడ్డాడు.

ఆరు రోజులు చెక్కాడు. దిమ్మ మీద దిమ్మ పెట్టి, మధ్యలో నీళ్ళు చిలకరించి నొక్కితే ఆ చలికి అతుక్కుపోయేవి. ఎర్ర కోటు వేసుకుని, పైన తన మఫ్లరు చుట్టుకుని, నిచ్చెన మీద నిలబడి పనిచేసేవాడు. నేను రోజూ వెళ్ళి చూస్తూనే ఉన్నాను. చూస్తూ ఉండి కూడా నా బుర్రకి తట్టలేదు. అన్నేళ్ళు ఆయన చెయ్యి చూసినదాన్ని, నాకు తట్టాలా వద్దా? ఇప్పటికీ అదే బాధ.

ప్రారంభం రోజు పొద్దున్న నిర్వాహకుడు వచ్చాడు. బొమ్మ పైనున్న గుడ్డ తీయించాడు. ఒక నిమిషం చూశాడు. "ఏంటండీ ఇది? బుగ్గలు బూరెల్లా ఉన్నాయి. వేళ్ళు వంకాయల్లా ఉన్నాయి. ఈవిడ స్వాగతం చెప్తే పిల్లలు జడుసుకుంటారు," అన్నాడు.

అప్పుడు చూశాను నేను. నిజమే. ముక్కు మొద్దుగా, పెదవులు ఉబ్బి, నమస్కారం పెట్టిన చేతులు రెండు దిండ్లలా ఉన్నాయి. ముప్ఫయ్యేళ్ళ అలవాటు. గాలికి వాటా వదిలేశాడు. ఆ గదిలో వాటా తీసుకోవటానికి గాలి లేదు. ఆ అమ్మాయి నలభై రోజులూ అలాగే ఉంటుంది.

నేను ఊరుకుంటానా! నిర్వాహకుడి మీద విరుచుకుపడ్డాను. బూరెలేంటి, వంకాయలేంటి, పెద్దాయనతో మాట్లాడే పద్ధతేనా ఇది, ఒక పూట టైమివ్వండి సన్నం చేస్తారు, అని గొంతు చించుకున్నాను. మాస్టారు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆయన్ని ఏమీ అనకమ్మాయ్. తప్పు నాదే. ఇక్కడ టైము లేదు. టైము లేని చోట ఎలా చెక్కాలో నాకు రాదు." అని, నిచ్చెన ఎక్కి ముక్కు పక్కన ఒక్కసారి ఉలి ఆనించి చూశాడు. టిక్కుమని చిన్న పెచ్చు ఎగిరింది. ఆరు రోజులు ఆ చలిలో ఉండి ఐసు గాజులా పెళుసుగా తయారైంది. ఇంకో దెబ్బ వేస్తే ముక్కే పోతుంది. దిగిపోయాడు. ఉలి సంచిలో వేసేశాడు.

పన్నెండింటికల్లా అది తీసేయాలన్నాడు నిర్వాహకుడు. ఆ చోట బయటి కార్వర్లు ఐసు తోరణం పెడతారట. నేను ఏడ్చాను. సిగ్గులేకుండా, ఆ ఎర్ర కోటులో నిలబడి ఏడ్చాను. ఆయన పేరు కోసం కాదు. నలభై రోజుల్లో ఒక్క మంచి రోజు ఆంటీకి దొరకదా అని ఆయన పెట్టుకున్న ఆశ కోసం.

ఆయన ఏడవలేదు. అరచెయ్యి తెరిచి గడియారం చూసుకున్నాడు. తర్వాత ఫోన్ తీశాడు.

"ఏమే, ఎలా ఉంది నీకీ పూట? ...పర్లేదా? నిద్రపోయి లేచాక? ...మందేసుకున్నాక ఎలా ఉంటుంది?" కొంచెం ఆగాడు. ఆ తర్వాత, ముప్ఫయ్యేళ్ళలో ఊరందరినీ అడిగిన ఆ ప్రశ్న మొదటిసారి ఆవిడని అడిగాడు. "ఎన్నింటికి చూస్తావు?"

ఆంటీ నాలుగింటికంది.

అప్పట్నుంచి ఆయన వేరే మనిషి. "ఎలాగూ పడేసేదేగా బాబూ, నడుం పైభాగం నాకిచ్చెయ్యండి" అని నిర్వాహకుణ్ణి అడిగాడు. రంపంతో నడుం దగ్గర కోయించాడు. ఎనిమిది మంది పట్టి, కొక్కేలు వేసి, ట్రాలీ ఆటోలో రంపపు పొట్టు మీద నిలబెట్టారు. వెంటనే బయల్దేరతాడనుకున్నాను. లేదు. గోనెసంచులు నాలుగు పొరలు కప్పి, ఫ్లోరు వెనక నీడలో రెండు గంటలు అలాగే ఉంచాడు. "ముందు దాని చలి వదలాలి. ఇంత చలిమీద ఎండలోకి తెస్తే పగుల్తుంది. నెమ్మదిగా మన ఊరికి అలవాటు పడనీ" అన్నాడు. వేలి కణుపుతో గోనె మీదే కొట్టి, చెవి ఆనించి విన్నాడు. రెండింటికి "పదండి" అన్నాడు.

నేను ముందు డ్రైవర్ పక్కన కూర్చున్నాను. ఆయన వెనక, బొమ్మ పక్కన నిలబడ్డాడు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్లో ఇరుక్కుపోయాం. ముందు ఏదో కారు ఆగిపోయిందట. పది నిమిషాలు, పదిహేను. నేను తల బయటపెట్టి కనపడిన ప్రతివాణ్ణీ తిడుతున్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన గోనెసంచులు విప్పుతున్నాడు.

"మాస్టారూ! ఎండ!" అని కేకపెట్టాను.

"దాన్నే పిలుస్తున్నా," అన్నాడు.

దారంతా ఆయన ఉలి ముట్టలేదు. గోనెసంచులతోనే చెక్కాడు. ఎడమ బుగ్గ మీద ఎండ పడనిచ్చి, ముక్కు కొసకి గోనె అడ్డం పట్టేవాడు. కాసేపటికి బుగ్గ మూసి, వేళ్ళు తెరిచేవాడు. పెదవుల మీద తన మఫ్లరు తడిపి కప్పాడు. మే నెలలో ఆయన మెడ మఫ్లరు లేకుండా ఉండటం అదే మొదటిసారి చూశాను. బక్క మెడ, పాపం. కృష్ణానగర్ దగ్గరికి వచ్చేసరికి జనం మూగారు. "ఏ సినిమా అన్నా? హీరోయిన్ ఎవరన్నా?" అని ఒక డాన్సరు కుర్రాడు అడిగాడు.

"ఇంకా రిలీజ్ కాలేదు బాబూ. నాలుగింటికి," అన్నాడు మాస్టారు.

యూసఫ్‌గూడ దాటాక ఒక వేపచెట్టు నీడలో పది నిమిషాలు ఆపించాడు. మళ్ళీ కదిలించాడు. మోతీనగర్ సందులోకి తిరిగేసరికి నాలుగుకి ఎనిమిది నిమిషాలు తక్కువ. ట్రాలీ వెనకనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

ఆంటీ అప్పటికే శాలువా కప్పుకుని గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. లేచి, నా భుజం పట్టుకుని, ట్రాలీ దగ్గరికి నడిచింది. ఆరేడు అడుగులకి రెండుసార్లు ఆగింది. మాస్టారు చివరి గోనె తీశాడు.

ఆవిడ బొమ్మని పైనుంచి కిందికి, రొయ్య మంచిదా కాదా అని చూసినట్టు చూసింది.

"ఎవరిదయ్యా ఇది?"

"ఎవరిదైతే ఏం? బావుందా లేదా చెప్పు."

"బానే ఉంది. ముక్కు ఎవరిదో గానీ నాది కాదు. నాకింత ముక్కెక్కడిది?"

మాస్టారు అరచెయ్యి తెరిచి చూసుకుని, "ఆగు. నాలుగింటికన్నావు. ఇంకా అయిదు నిమిషాలుంది," అన్నాడు.

ఆగాం. ముగ్గురం, ట్రాలీ డ్రైవరుతో కలిపి నలుగురం, ఎండలో ఒక ముక్కు వైపు చూస్తూ నిలబడ్డాం. పక్కింటావిడ గిన్నె పట్టుకుని వచ్చి, "మజ్జిగలోకి ఒక ముక్క ఇస్తారా అన్నయ్యా?" అని అడిగింది. ఆయన చూసిన చూపుకి గిన్నెతో సహా వెనక్కి వెళ్ళిపోయింది. ముక్కు కొసన ఒక బొట్టు పుట్టింది. పెరిగింది. వేలాడింది. అది రాలిన క్షణంలో ఆయన ఆంటీ మణికట్టు పట్టుకున్నాడు.

"ఇప్పుడు చూడు."

నేనూ చూశాను. ఇరవై ఏళ్ళ అమ్మాయి. సన్నటి ముక్కు, కొంచెం గడుసుగా బిగించిన పెదవులు, తడి చెంపలు, తడి చేతులు. ఇప్పుడే రొయ్యల షెడ్డులోంచి బయటికి వచ్చి, ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టు ఉంది. నాకు ఆ వయసు ఆంటీ తెలియదు. అయినా తెలిసిపోయింది.

ఆవిడ ఒక అడుగు ముందుకేసింది. ఊపిరి వినపడుతోంది. చెయ్యి చాపి ఆ చెంప మీద పెట్టింది.

"ఊ," అంది. "నేనే."

అంతే అంది. ఆయనకి అది చాలు. కళ్ళనుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. తడి మఫ్లరు చేతిలోనే ఉన్నా తుడుచుకోలేదు.

ఇప్పుడు వెళ్ళిపోతాడేమోనని నేను అలవాటుగా గేటు వైపు చూశాను. వెళ్ళలేదు. లోపలికి వెళ్ళి ఇంకో కుర్చీ తెచ్చుకుని ఆవిడ పక్కన వేసుకున్నాడు. "చూశాను కదయ్యా, ఇంక లోపలికి రా" అని ఆవిడ రెండుసార్లు పిలిచింది. "ఉండనీవే" అన్నాడు. పెదవులు కరిగిపోయాయి, చేతులు కరిగిపోయాయి, నీళ్ళు పక్కింటి గేటు దాకా వెళ్ళాయి. ఇద్దరూ కూర్చుని చూశారు. ఆయన తన బొమ్మ పూర్తిగా పోయేదాకా చూసింది అదొక్కటే.

ఆ తర్వాత మూడేళ్ళు పనిచేశాడు. ఎగ్జిబిషన్ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే, "అక్కడ చలి ఎక్కువండీ, మనకి పడదు" అని ఊరుకునేవాడు.

ఇవాళ నేను మోతీనగర్ సందులోకి వచ్చేసరికి రెండు యాభై. ట్రాఫిక్ నన్ను ఈసారి క్షమించింది. ఇంటి ముందు షామియానా, కుర్చీలు, చర్చివాళ్ళు మెల్లగా పాడుతున్న పాట. గేటు కిందనుంచి సన్నగా నీళ్ళు పక్కింటి వైపు పారుతున్నాయి. ఆ దారి నాకు తెలుసు. చెప్పులు విడిచి ఆ నీళ్ళలో ఒక్క నిమిషం నిలబడ్డాను.

వరండాలో బల్ల మీద రెండు దిమ్మలు, వాటి మీద ఆయన. దిమ్మలు సగానికి సగం అరిగిపోయాయి. మధ్యలో తెల్లపొర లేదు. దిమ్మల్లోంచి కింద పరిచిన రంపపు పొట్టు కూడా కనపడుతోంది. ఫ్యాక్టరీ ఆయన మాట నిలబెట్టుకున్నాడు. మొహం మీద మాత్రం తెల్ల గుడ్డ కప్పి ఉంది.

"మధ్యాహ్నం నుంచి ఆ గుడ్డ తియ్యనివ్వట్లేదమ్మా," అని పక్కింటావిడ నా చెవిలో చెప్పింది. "పాస్టరుగారు నాలుగింటికి ఎత్తాలంటున్నారు. ఈవిడేమో నువ్వు మూడింటికి చూస్తానన్నావట, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దంటోంది."

ఆంటీ తలవైపు కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను చూసి తల ఊపింది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆవిడ అరచెయ్యి తెరిచింది. బక్క మణికట్టుకి లోపలివైపు తిప్పి కట్టుకున్న ఆయన గడియారం. మూడుకి ఇంకా రెండు నిమిషాలుంది. నన్ను ఆగమన్నట్టు చూసింది. ఆగాను.

అప్పుడు నా మణికట్టు పట్టుకుంది. ఐసుగడ్డలా ఉన్నాయి వేళ్ళు. రెండో చేత్తో గుడ్డ తీసింది.

"ఇప్పుడు చూడు," అంది.

చూశాను.